రెండు రిపోర్టులు, రెండు మాటలు: రొమ్ము క్యాన్సర్‌లో కీమో కావాలా వద్దా అన్న చిక్కు ఎక్కడ పుడుతోంది?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక చాలా ఇళ్లలో టెన్షన్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. గడ్డ తీసేశారు, గండం గడిచిందనుకునేలోపు రిపోర్టులు వస్తాయి. పెథాలజీ రిపోర్టులో గ్రేడ్ 3 (అన్నిటికంటే ఎక్కువ గ్రేడ్) అని, కణాలు వేగంగా విభజన చెందుతున్నాయని ఉంటుంది. లక్షల్లో ఖర్చు పెట్టి చేయించిన జన్యు పరీక్షేమో "రిస్కు తక్కువ" అంటుంది. ఒక డాక్టరు కీమో ఇద్దామంటే, సెకండ్ ఒపీనియన్ ఇచ్చిన డాక్టరు హార్మోన్ మాత్రలు చాలంటారు. ఇంట్లోవాళ్లలో కొందరు "ఎందుకొచ్చిన రిస్కు, చేయించేద్దాం" అంటారు. కొందరు కీమో పేరెత్తితేనే వణికిపోతారు. మధ్యలో పేషెంటు నలిగిపోతుంది.

ఇలాంటప్పుడు రెండు రిపోర్టుల్లో ఏదో ఒకటి తప్పై ఉంటుందని అనుకోవడం సహజం. కానీ చాలాసార్లు రెండూ సరైనవే. అవి జవాబు చెబుతున్న ప్రశ్నలే వేరు. "జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంత?" అనేది ఒక ప్రశ్న. "కీమో ఇస్తే ఆ అవకాశం ఎంత తగ్గుతుంది?" అనేది ఇంకొకటి. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. గందరగోళంలో సగం అక్కడే మొదలవుతుంది.

ఈ ప్రశ్న ఎవరికి వస్తుంది?

రొమ్ము క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. కణాలపై ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు (ఈఆర్, పీఆర్) ఉన్నాయా, హెర్2 అనే ప్రొటీన్ మోతాదుకు మించి ఉందా అన్నదాన్ని బట్టి చికిత్స దారులు చీలిపోతాయి. మూడూ లేనిది ట్రిపుల్ నెగెటివ్. ఈ రకంలోనూ, హెర్2 పాజిటివ్‌లోనూ మరీ చిన్న గడ్డలను మినహాయిస్తే కీమో దాదాపు తప్పదు. అక్కడ ఆంకోటైప్, మమ్మాప్రింట్ లాంటి జన్యు పరీక్షలతో కీమో గురించి తేల్చుకోరు.

అసలు చిక్కంతా ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ రకంలో, చంకలోని లింఫ్ గ్రంథులకు పాకకపోయినా, ఒకటి నుంచి మూడు గ్రంథుల వరకే పాకినా వస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకానివే. వీళ్లకు అసలైన రక్ష హార్మోన్ చికిత్స. టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర ఐదేళ్లు వాడితే ఈ రకంలో మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని దశాబ్దాల పరిశోధనలు చూపించాయి. కాబట్టి "కీమో వద్దు" అంటే "వైద్యం వద్దు" అని కాదు. పెద్ద రక్షణ ఎలాగూ అందుతోంది. దానిపైన కీమో ఇంకెంత కలుపుతుందన్నదే లెక్క.

మొదటి గొడవ: బయాప్సీ రిపోర్టుకూ ఆపరేషన్ రిపోర్టుకూ పొంతన కుదరకపోవడం

జన్యు పరీక్షల దాకా వెళ్లకముందే తేడాలు మొదలవుతాయి. బయాప్సీలో సూదితో తీసేది సన్నని ముక్కలు. ఆపరేషన్ తర్వాత గడ్డంతా చేతికొస్తుంది. గ్రేడ్ నిర్ణయించేటప్పుడు పెథాలజిస్ట్ మూడు విషయాలు చూసి ఒక్కోదానికి 1 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు: కణాలు గొట్టాల్లాగా అమరి ఉన్నాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, విభజన చెందుతున్న కణాలు ఎన్ని. మొత్తం 6 లేదా 7 వస్తే గ్రేడ్ 2, 8 లేదా 9 వస్తే గ్రేడ్ 3. సన్నని ముక్కలో విభజన చెందుతున్న కణాలు తక్కువగా కనబడితే ఒక మార్కు తగ్గుతుంది. అలా బయాప్సీలో గ్రేడ్ 2 అన్నది ఆపరేషన్ తర్వాత గ్రేడ్ 3 అవుతుంది. జబ్బు ఈలోగా ముదిరిందని భయపడనక్కర్లేదు, చూసిన ముక్క పెద్దదైందంతే.

కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే కేఐ-67 పరీక్ష సంగతి ఇంకా సున్నితం. గడ్డ ముక్కను మైనంలో పోతపోసి చిన్న బ్లాక్ చేస్తారు. దాన్నుంచి వెంట్రుక మందం కూడా లేని పొర కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేస్తారు. విభజన బాటలో ఉన్న కణాల కేంద్రకాలు గోధుమ రంగులోకి, మిగతావి నీలంగా మారతాయి. పెథాలజిస్ట్ గోధుమ రంగువి ఎన్నో లెక్కపెట్టి శాతం చెబుతారు. కానీ స్లైడులో ఏ మూల లెక్కపెట్టాలి? ఒక అంచున గోధుమ చుక్కలు కిక్కిరిసి ఉంటాయి, మధ్యలో పలచగా ఉంటాయి. లేత గోధుమను లెక్కలోకి తీసుకోవాలా వద్దా? అనుభవమున్న ఇద్దరు పెథాలజిస్టులు ఒకే స్లైడు చూసి ఒకరు 15 శాతం, ఇంకొకరు 25 శాతం అనడానికి ఆస్కారం ఉంది. అందుకే కేఐ-67పై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 5 శాతం లోపు, 30 శాతం పైన ఉన్న అంకెలనే కీమో నిర్ణయానికి నమ్మదగినవిగా చెప్పింది. ఆ మధ్యలో ఉన్న అంకె ఒక్కదాన్నే పట్టుకుని కీమో నిర్ణయించడం, నా ఉద్దేశంలో, ఆ పరీక్ష మోయలేని బరువును దాని మీద పెట్టడమే.

హెర్2కూ ఇలాంటి మధ్యస్థితి ఒకటుంది. 0, 1+ వస్తే నెగెటివ్. 3+ వస్తే పాజిటివ్. 2+ అంటే తేలలేదని అర్థం, ఫిష్ అనే ఇంకో పరీక్షతో తేల్చాలి. ఈఆర్ ఉన్న కణాలు 1 శాతం దాటితే పాజిటివ్ అంటారు గానీ, 1 నుంచి 10 శాతం మధ్య ఉన్నవాటిని 2020 మార్గదర్శకాలు "లో పాజిటివ్" (తక్కువ పాజిటివ్) అని విడిగా రాయమన్నాయి. వీటిలో చాలా గడ్డలు ట్రిపుల్ నెగెటివ్‌కు దగ్గరగా ప్రవర్తిస్తాయి. పాజిటివ్ అన్న ఒక్క మాట చూసి శాతం చూడకపోతే పెద్ద తేడా వచ్చేది ఇక్కడే.

ఇంకో కారణం మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. గడ్డను శరీరం నుంచి తీసిన గంటలోపు ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేయాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉంచాలి. ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ జరిగి, డబ్బా మరుసటి రోజెప్పుడో సిటీలోని ల్యాబ్‌కు చేరే చోట ఈ జాగ్రత్త తప్పే అవకాశముంది. సరిగ్గా నిల్వ కాని ముక్కలో ఉన్న ఈఆర్ కూడా లేనట్టు కనబడవచ్చు. రెండు ల్యాబులు వేర్వేరు ఫలితాలు చెప్పినప్పుడు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు పాత స్లైడ్లను, మైనం బ్లాకులను తెప్పించుకుని మళ్లీ చూసేది ఇందుకే.

జన్యు పరీక్షలు ఏం కొలుస్తాయి?

ఇవి తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులను చూసే బీఆర్‌సీఏ పరీక్షల లాంటివి కావు. గడ్డలోని కణాల్లో ఏ జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో కొలుస్తాయి. ఆంకోటైప్ డీఎక్స్ 21 జన్యువులు చూసి 0 నుంచి 100 మధ్య స్కోరు ఇస్తుంది, స్కోరు పెరిగేకొద్దీ రిస్కు ఎక్కువ. నెదర్లాండ్స్‌లో పుట్టిన మమ్మాప్రింట్ 70 జన్యువులు చూసి రిస్కు ఎక్కువ, తక్కువ అని రెండే మాటలు చెబుతుంది. ప్రోసిగ్నా 50 జన్యువుల మీద, ఎండోప్రెడిక్ట్ 12 జన్యువుల మీద ఆధారపడతాయి. బెంగళూరు కంపెనీ తయారుచేసిన క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్ దారి వేరు. ఐదు ప్రొటీన్లకు రంగు వేసి చూసి, గడ్డ సైజు, గ్రేడ్, గ్రంథుల సంఖ్య కలిపి స్కోరు లెక్కకడుతుంది. ఖర్చు తక్కువ కాబట్టి ఇక్కడి డాక్టర్లు దీన్ని రాస్తున్నారు. అయితే పేషెంట్లను లాటరీ పద్ధతిలో విడదీసి కీమో ఇచ్చి, ఇవ్వక, ఏళ్లపాటు గమనించిన భారీ ప్రయోగం ఆంకోటైప్, మమ్మాప్రింట్‌లకు ఉన్నట్టుగా దీనికి లేదు. ఉన్న ఆధారాలు పాత నమూనాల మీద చేసిన అధ్యయనాలు. ఇది ఆ పరీక్షను కొట్టిపారేయడం కాదు, ఆధారం బలం ఎంతో చెప్పడమే.

ఒకే గడ్డ, ఐదు పరీక్షలు

రెండు జన్యు పరీక్షలు చేయిస్తే రెండూ ఒకే మాట చెప్పాలి కదా? బ్రిటన్‌లో ఆప్టిమా ప్రిలిమ్ అనే అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. 302 మంది గడ్డలను ఐదు పరీక్షలతో చూశారు (పైన చెప్పిన ఐదే కావు ఇవి). 2016లో వచ్చిన ఫలితం ప్రకారం ఐదు పరీక్షలూ ఏకీభవించింది 39 శాతం గడ్డల విషయంలోనే. మిగతా 61 శాతంలో కనీసం ఒక పరీక్ష వేరే మాట చెప్పింది.

నిపుణులకు ఇది పెద్ద ఆశ్చర్యం కాలేదు. ఆంకోటైప్ లెక్కలో ఈస్ట్రోజన్ సంబంధ జన్యువులకు గట్టి స్థానముంది. కొన్ని ఇతర పరీక్షలు కణ విభజన వేగానికే ఎక్కువ బరువిస్తాయి. ఎండోప్రెడిక్ట్ తుది స్కోరులో గడ్డ సైజు, గ్రంథుల సంఖ్య కలిసిపోతాయి, ఆంకోటైప్ స్కోరులో అవి లేవు. మొత్తం పేషెంట్ల గుంపు మీద చూస్తే ఏ పరీక్షైనా దాదాపు ఒకేలా పనిచేస్తుంది. ఒక్కో మనిషి దగ్గరికి వచ్చేసరికి తేడాలు బయటపడతాయి.

అందుకే రెండు పరీక్షలు విభేదించినప్పుడు మూడోది చేయించి మెజారిటీ చూద్దామన్న ఆలోచన అంత ఉపయోగపడదు. మూడోది తటస్థ న్యాయమూర్తి కాదు, దాని సొంత ప్రశ్న దానిది. ఏ పరీక్షకు పేషెంటు పరిస్థితిలాంటి పరిస్థితిలో కీమో ఇచ్చి, ఇవ్వక పోల్చి చూసిన ఆధారముందో ఆ పరీక్ష మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలన్నది చాలామంది ఆంకాలజిస్టుల వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

గడ్డ చూస్తే భయం, జన్యువులు చూస్తే ధైర్యం

అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టే వైరుధ్యం ఇదే. గడ్డ పెద్దది, గ్రేడ్ ఎక్కువ, కానీ జన్యు రిస్కు తక్కువ. సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో మైండాక్ట్ ప్రయోగం చేశారు. 6,693 మందిని చేర్చుకున్నారు. అందులో 1,550 మందికి గడ్డ లక్షణాల ప్రకారం రిస్కు ఎక్కువ, మమ్మాప్రింట్ ప్రకారం తక్కువ. వాళ్లలో కొందరికి కీమో ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు.

కీమో తీసుకోనివాళ్లలో 94.7 శాతం మందికి ఐదేళ్ల దాకా జబ్బు వేరే అవయవాలకు పాకలేదు. కీమో తీసుకున్నవాళ్లతో తేడా 1.5 శాతం. వీళ్లకు కీమో మానుకోవచ్చన్న మాట 2016లో అలా బలపడింది. తర్వాత ఎనిమిదేళ్ల లెక్కలొచ్చాయి. 50 దాటినవాళ్లలో తేడా 0.2 శాతం, అంటే లేనట్టే. 50, ఆ లోపు వయసువాళ్లలో మాత్రం 5 శాతం. ఒకే పరీక్ష, ఒకే "రిస్కు తక్కువ" ఫలితం. వయసును బట్టి అర్థం మారిపోయింది.

లెక్క వేసి చూద్దాం

ముందు శాతాల మాయ ఒకటి విప్పుకోవాలి. "కీమో రిస్కును మూడో వంతు తగ్గిస్తుంది" అని ఎవరైనా అంటే అది ఎవరికి అన్నది చూడాలి. జబ్బు తిరగబెట్టే అవకాశం 100లో 30 ఉన్నవాళ్లకు అది 20 అవుతుంది, పదిమంది బయటపడతారు. 100లో 6 ఉన్నవాళ్లకు 4 అవుతుంది, ఇద్దరు బయటపడతారు. మిగతా 98 మందిలో 94 మంది కీమో లేకున్నా బాగుండేవాళ్లు, నలుగురికి కీమో ఇచ్చినా తిరగబెడుతుంది. జుట్టు రాలడం, జ్వరాలు, వేళ్ల తిమ్మిర్లు మాత్రం 100 మందిలో ఎవరికైనా రావచ్చు.

ఇప్పుడు ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు తెనాలిలో ఉండే 63 ఏళ్ల రిటైర్డ్ టీచరు. ఇంకొకరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే 43 ఏళ్ల మహిళ, నెలసరి ఇంకా వస్తోంది. ఇద్దరికీ గడ్డ 1.8 సెంటీమీటర్లు, గ్రేడ్ 3, గ్రంథులకు పాకలేదు, ఆంకోటైప్ స్కోరు 22. కాగితం మీద ఇద్దరి రిపోర్టులూ అచ్చంగా ఒకటే.

టీచరు గారికి జవాబు టైలర్‌ఎక్స్ ప్రయోగంలో ఉంది. 10 వేల మందికి పైగా చేరిన ఆ ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. స్కోరు 11 నుంచి 25 మధ్య ఉన్నవాళ్లను రెండు జట్లు చేసి ఒక జట్టుకు హార్మోన్ చికిత్స, ఇంకో జట్టుకు దానితోపాటు కీమో ఇచ్చారు. తొమ్మిదేళ్లకు దూరపు అవయవాలకు పాకకుండా ఉన్నవాళ్లు మాత్రలే వాడినవాళ్లలో 94.5 శాతం, కీమో కూడా తీసుకున్నవాళ్లలో 95 శాతం. 50 దాటినవాళ్లకు కీమో వల్ల చెప్పుకోదగ్గ లాభమేమీ కనబడలేదు. మరి గ్రేడ్ 3 సంగతి? 2019లో ఇదే ప్రయోగం లెక్కలను గడ్డ సైజు, గ్రేడ్ కలిపి మళ్లీ చూశారు. గ్రేడ్ ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరిగిన మాట నిజమే. కానీ ఈ వయసువాళ్లలో ఆ పెరిగిన రిస్కును కీమో తగ్గించలేకపోయింది. పెథాలజీ రిపోర్టు అబద్ధం చెప్పలేదు, జన్యు పరీక్షా చెప్పలేదు. మొదటిది మొదటి ప్రశ్నకు, రెండోది రెండో ప్రశ్నకు జవాబిచ్చాయి.

43 ఏళ్ల ఆమెకు కథ వేరు. 50, ఆ లోపు వయసులో స్కోరు 21 నుంచి 25 ఉండి, గడ్డ లక్షణాలు కూడా బాగాలేనివాళ్లకు కీమో వల్ల తొమ్మిదేళ్లలో 100కి దాదాపు 9 మంది తప్పించుకున్నారు. అదే ఆమె స్కోరు 18 అయ్యుంటే? గ్రేడ్ 3 కాబట్టి లాభం 6 లేదా 7. స్కోరు 18 ఉండి గడ్డ చిన్నదై, గ్రేడ్ తక్కువైతే లాభం సున్నా. ఈ చిన్న గుంపుల్లో మనుషులు తక్కువ కాబట్టి అసలు అంకె వీటికి అటూ ఇటూ కొన్ని శాతాలు ఉండొచ్చు, వీటిని గీసిన గీతలా పట్టుకోకూడదు. అయినా దిక్కు మాత్రం స్పష్టంగా ఉంది.

గ్రంథులకు పాకినవాళ్లలోనూ ఇదే ధోరణి కనిపించింది. ఒకటి నుంచి మూడు గ్రంథులకు పాకి, స్కోరు 25 వరకు ఉన్నవాళ్ల మీద చేసిన ఆర్‌ఎక్స్‌పాండర్ ప్రయోగంలో నెలసరి ఆగిపోయినవాళ్లకు కీమో వల్ల లాభం కనబడలేదు. నెలసరి ఉన్నవాళ్లలో ఐదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు కీమో లేకుండా 89 శాతం, కీమోతో 93.9 శాతం.

చిన్న వయసువాళ్ల విషయంలో తెగని వాదం

ఈ భాగం మనకు ముఖ్యం. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో రొమ్ము క్యాన్సర్ సుమారు పదేళ్లు ముందే బయటపడుతోంది. అంటే పై ప్రయోగాల్లో ధైర్యంగా "కీమో వద్దు" అనిపించుకున్న పెద్ద వయసు గుంపులో మనవాళ్ల వాటా తక్కువ, వాదోపవాదాలు నడుస్తున్న గుంపులో ఎక్కువ.

చిన్న వయసులో కీమో ఎందుకు ఎక్కువ పనిచేస్తున్నట్టు కనబడుతోంది? ఒక వర్గం నిపుణుల జవాబు ఇది: కీమో అండాశయాలను దెబ్బతీస్తుంది, నెలసరి ఆగిపోతుంది, ఈస్ట్రోజన్ పడిపోతుంది, కాబట్టి క్యాన్సర్‌కు మేత దొరకదు. కీమో అక్కడ చేసింది చాలావరకు హార్మోన్ చికిత్స పనే. అదే పనిని అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్లతో చేయొచ్చు కదా అంటారు వాళ్లు. టైలర్‌ఎక్స్‌లో, ఆర్‌ఎక్స్‌పాండర్‌లో కీమో లేని జట్టులో ఆ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లు కొద్దిమందే. కాబట్టి పోలిక సమానంగా లేదన్నది వాళ్ల అభ్యంతరం.

రెండో వర్గం మాట కూడా తేలిగ్గా తీసేసేది కాదు. కీమో క్యాన్సర్ కణాలను నేరుగా కూడా చంపుతుంది. అందులో ఎంత వాటా అండాశయాలది, ఎంత నేరుగా పనిచేసినది అన్నది ఎవరూ విడదీసి చూపలేదు. ప్రయోగంలో కనబడ్డ లాభాన్ని ఊహ మీద ఆధారపడి వదులుకోమని 40 ఏళ్ల మనిషికి ఎలా చెప్పగలం? పైగా ఇంజెక్షన్లు కూడా సుఖమైన దారేం కాదు. ఏళ్ల తరబడి తీసుకోవాలి. ఉన్నట్టుండి మెనోపాజ్ వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు, ఎముకల బలహీనత. వీటితో విసిగి మధ్యలో మానేసేవాళ్లున్నారు, మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఈ వాదాన్ని తేల్చడానికే అమెరికాలో ఆఫ్‌సెట్ అనే ప్రయోగం మొదలైంది. నెలసరి ఉన్నవాళ్లందరికీ అండాశయాలను ఆపే మందు ఇచ్చి, సగం మందికి దానిపైన కీమో కలిపి చూస్తారు.

ఒకే అంకె, రెండు న్యాయమైన నిర్ణయాలు

లాభం 100కి 9 అయితే చాలామంది కీమో వైపు మొగ్గుతారు, సున్నా అయితే ఎవరూ మొగ్గరు. 2, 3 దగ్గర మనుషులు విడిపోతారు. చిన్న పిల్లలున్న తల్లి "ఒక్క శాతమైనా వదలను" అనొచ్చు. షుగర్‌తో ఇప్పటికే కాళ్ల తిమ్మిర్లున్న ఆమె టాక్సేన్ అనే కీమో మందులకు జంకడం న్యాయమే, అవి నరాలను దెబ్బతీస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆంత్రాసైక్లిన్ అనే కీమో మందులతో ఇబ్బంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు అండాలను ముందే దాచుకునే విషయం కీమో మొదలవక ముందే మాట్లాడుకోవాల్సి ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పినప్పుడు చాలాసార్లు వాళ్ల మధ్య అంకెలో తేడా ఉండదు. ఆ అంకె కోసం ఎంత భరించవచ్చన్న దాంట్లో ఉంటుంది. ఆ భాగం నిర్ణయించాల్సింది పేషెంటే. "మీరు పెద్దవాళ్లు, ఏది చెబితే అదే" అని వదిలేస్తే డాక్టరు తన భయాన్నో ధైర్యాన్నో ఆమె తరఫున ఎంచుకోవాల్సి వస్తుంది.

ఎంత సమయం ఉంది?

రిపోర్టులు కొట్లాడుకుంటుంటే రోజులు గడిచిపోతున్నాయన్న ఆందోళన ఇంకో వైపు. కాలిఫోర్నియా క్యాన్సర్ రిజిస్ట్రీలోని 24 వేలకు పైగా మహిళల రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ అయిన 90 రోజులు దాటాక కీమో మొదలుపెట్టినవాళ్ల ఫలితాలు దెబ్బతిన్నాయి. ఆ నష్టం ట్రిపుల్ నెగెటివ్ రకంలో ఎక్కువగా కనబడింది. హార్మోన్ పాజిటివ్ రకంలో 90 రోజుల లోపు కొన్ని వారాలు అటూ ఇటూ అయినందుకు అలాంటి తేడా కనబడలేదు. బ్లాకులు ఇంకో ఆసుపత్రికి పంపి మళ్లీ చూపించుకోవడం, జన్యు పరీక్ష కోసం విదేశానికి పంపిన నమూనా ఫలితం రావడం, రెండో డాక్టరుతో మాట్లాడటం, మామూలుగా ఇవన్నీ ఆ గడువులోనే పూర్తవుతాయి.